అమెరికా పాత పెన్నీలు – వాని చరిత్ర, వాని వెల

2025వ సంవత్సరము నవంబరు 12వ తేదీన అమెరికా దేశమున ఫిలడెల్ఫియా టంకశాలయందు చలామణి కొఱకు కట్టకడపటి పెన్నీని ముద్రించిరి. 1793లో మొదలైన నాణెము 232 ఏండ్లు నడచి అక్కడ ఆగినది. 2024 ఆర్థిక సంవత్సరమున ఒక్కొక్క పెన్నీని తయారుచేయుటకు ఆ దేశపు ప్రభుత్వమునకు 3.69 సెంట్లు ఖర్చైనది. ఒక సెంటు సరుకును మూడున్నర సెంట్లకు పైగా పెట్టి చేయుట ఏ వర్తకునకును గిట్టుబాటు కాదు గదా! అయితే ఆ నాణెము చెల్లకుండ పోలేదు. చట్టరీత్యా అది ఇప్పటికిని చెల్లునదే. బజారునకు క్రొత్తవి పంపుట మాత్రము మానినారు.

ఈ వార్త వెలువడినది మొదలు ఒక ప్రశ్న పలువురి నోట వినవచ్చుచున్నది. అమెరికాలో మన తెలుగువారు లక్షల కొలది కాపురమున్నారు. వారు సెలవులకు వచ్చి పోవునప్పుడు సంచుల అడుగున మిగిలిన చిల్లర మన యిండ్ల సొరుగులలోనికి చేరుచుండును. అందులో ఎక్కువ పాలు ఈ ఎఱ్ఱని చిన్న బిళ్ళలే. ఇక చేయరు గావున వీనికి గిరాకి పుట్టునా, పాతవైన కొలది వీని వెల పెరుగునా అని అడుగుచున్నారు. సమాధానము ఒక్క మాటలో చెప్పవచ్చును గాని, ఎందుచేత అట్లని తెలియవలెనన్న ఆ నాణెపు కథ కొంత వినక తప్పదు. నాణెపు వయస్సునుబట్టి వెల రాదు. అందలి రాగినిబట్టియు రాదు. ఎన్ని ముద్రించిరి, వానిలో ఎన్ని మిగిలినవి, మిగిలినవి ఏ స్థితిలో నున్నవి అను మూడు సంగతులే వెలను తేల్చును. ఆ మూడింటి వెనుకను యుద్ధములు, వర్తకపు మాంద్యములు, పనివారి ఏమరుపాటులు, కొందఱి మోసములు నున్నవి. మేము చెప్పబోవునది ఆ కథయే.

ముందుగా పేరు సంగతి. పెన్నీ యనునది ఇంగ్లీషువారి నాణెము పేరు. అమెరికా చట్టములో దీని పేరు సెంటు, అనగా డాలరులో నూఱవ పాలు. ఇంగ్లాండునుండి వెళ్ళి స్థిరపడినవారు పాత అలవాటు చొప్పున దానిని పెన్నీ యనిరి. దేశము స్వతంత్రమైనను ఆ వాడుక పోలేదు. మన దేశమున 1957లో నయాపైసలు వచ్చిన పిమ్మటను పెద్దవారు చాలకాలము అణాలు, బేడలు అనుచునే యుండిరి. నోటి కలవాటైన మాటను చట్టము మార్చజాలదు.

టంకశాల ఏర్పడుటకు పూర్వమే, 1787లో, కాంగ్రెసు ఆజ్ఞపై ఒక రాగి నాణెము వెలువడినది. దాని యొక ముఖమున నీడగడియారము, దాని క్రింద ‘నీ పని నీవు చూచుకొనుము’ అని యర్థమిచ్చు మాటలును, రెండవ ముఖమున ఒకదానితో నొకటి కలిసిన 13 వలయములును ఉండును. ఈ మాటలు బెంజమిన్ ఫ్రాంక్లిన్ కూర్చినవని ప్రతీతి. చేయ నొప్పుకొన్న గుత్తదారు ఒప్పుకొన్నన్ని చేసి యియ్యలేదు. ప్రభుత్వమే సొంతముగా టంకశాల పెట్టవలెనన్న పట్టుదలకు ఇట్టి అనుభవములు కొంత కారణము.

1792 ఏప్రిల్ 2వ తేదీన టంకశాల చట్టము అమలైనది. మొదటి అధికారిగా డేవిడ్ రిటెన్‌హౌస్ అను ఖగోళ శాస్త్రజ్ఞుని నియమించిరి. సెంటు బరువు 264 గ్రెయినుల రాగి యుండవలెనని చట్టము. ఒక్క నాణెమైనను బయటకు రాకముందే ఆ బరువు గిట్టదని తేలి, 1793 జనవరిలో దానిని 208 గ్రెయినులకు తగ్గించిరి. మూడేండ్లు తిరుగకముందే మరల 168కి దించిరి. నేడు పెన్నీ ఖర్చు కిట్టలేదని నిలిపినారని ఆశ్చర్యపడువారు ఈ సంగతి గమనింపవలెను. రాగి ధరతో పేచీ ఆ నాణెము పుట్టుకతోనే పుట్టినది.

1793 మార్చి 1వ తేదీన టంకశాల అచ్చుగది నుండి 11,178 సెంట్లు మొదటి విడతగా బయటకు వచ్చినవి. నేటి పావు డాలరు కంటె పెద్దవైన రాగి బిళ్ళలవి. బొమ్మవైపున స్వాతంత్ర్యదేవత తల, బొరుసువైపున పదునైదు రాష్ట్రములకు గుర్తుగా పదునైదు కొలుకుల గొలుసు. చెక్కినవాని ఉద్దేశము ఐకమత్యము. చూచినవారికి కనబడినది సంకెల. ఒకవైపున స్వేచ్ఛ, రెండవవైపున సంకెల యేమిటని పత్రికలలో ఎత్తిపొడిచిరి. ఆ దేవత జుట్టు విరబోసికొని బెదరిపోయినట్లున్నదనియు ఆక్షేపించిరి. రెండు వారములలో గొలుసును తీసివేసి ఆకుల దండను చెక్కిరి. అంతటితో గొలుసు సెంట్లు 36,103 మాత్రమే వెలువడినవి. చక్కగా కుదిరియుంటే ఈ రూపము ఏండ్ల తరబడి నడచియుండును, ఇంత అరుదు కాకపోవును. ఈనాడు వానిలో ఒకటి ముఖము గుర్తుపట్టరానంతగా అరిగినదైనను వేల డాలర్లు పలుకును. అచ్చునుండి ఇప్పుడే వచ్చినదా యన్నట్లున్న ఒక గొలుసు సెంటు 2015 జనవరి వేలములో 23 లక్షల 50 వేల డాలర్లకు పోయినది.

ఆ తొలినాటి టంకశాల అవస్థలు అన్నియిన్ని కావు. రాగి దొరకక పాత వంటపాత్రలు, మేకులు మొదలైనవి కూడ కొని కరగించిరి. అదే 1793లో ఫిలడెల్ఫియా నగరమున పచ్చజ్వరము ప్రబలి వేల మందిని పొట్టన పెట్టుకొన్నది. సెంటుపై కుళ్ళాయిని ధరించిన స్వాతంత్ర్యదేవత బొమ్మను చెక్కిన జోసెఫ్ రైట్ అను శిల్పి ఆ జ్వరమునకే బలియాయెను. పిమ్మట కొంతకాలమునకు ఇంగ్లాండులోని బర్మింగ్‌హామ్ నుండి బోల్టన్ అను పారిశ్రామికుని కార్ఖానా వారు తయారుచేసిన నున్నని రాగి బిళ్ళలు పీపాలలో ఓడలపై రాసాగినవి. అమెరికావారు వానిపై ముద్ర వేయుటే తరువాయి. 1812లో ఆ రెండు దేశములకే యుద్ధము వచ్చినది. బిళ్ళల రాక ఆగినది. ఉన్నవానితో 1814 వఱకు నెట్టుకొని వచ్చిరి. అందుచేత 1815 తేదీ గల సెంటు లేనే లేదు. 1793 నుండి నేటివఱకు సెంటు లేని సంవత్సరము అదొక్కటే. 1815 అంకెలున్న సెంటును ఎవరైన చూపినచో, చేతిలోనికి తీసికొని చూడ నక్కఱయే లేకుండ అది తేదీ దిద్దిన కపటపు నాణెమని చెప్పవచ్చును.

వయస్సునకును వెలకును సంబంధము లేదంటిమి. దానికి దృష్టాంతము ఒక పీపా. 1818, 1820 సంవత్సరముల పెద్ద సెంట్లు, నిన్న ముద్రించినట్లు ఎఱ్ఱగా మెఱయునవి, నేటికిని సేకర్తలకు సులభముగా దొరకుచుండును. రెండు వందల ఏండ్ల నాటి రాగి నల్లబడకుండ నెట్లుండెను? జార్జియా రాష్ట్రములో ఒక రైలు స్టేషను వేదిక క్రింద పూడ్చియున్న పీపా ఒకటి అంతర్యుద్ధ కాలమునకు అటునిటుగా బయటపడినదనియు, అందులోని నాణెములు చేతులు మారి న్యూయార్క్ రాష్ట్రపు ర్యాండల్ అను సేకర్తకు చేరినవనియు చెప్పుదురు. ఆ నిధికి ర్యాండల్ నిధియనియే పేరు. వాడుకలో పడనందున అవి మెఱుగు చెడలేదు. కట్టకట్టుకొని బయటకు వచ్చినందున అరుదు కాలేదు. వానికంటె నూఱేండ్లు చిన్నవైన నాణెములు వాని వెలకు పది రెట్లు పలుకుట కలదు.

1857 ఫిబ్రవరిలో చేసిన చట్టముతో పెద్ద సెంటు కథ ముగిసినది. రాగి ప్రియమగుచుండెను. అంత పెద్ద బిళ్ళను జేబులో మోయుట జనులకును విసుగాయెను. నూటికి 88 పాళ్ళు రాగి, 12 పాళ్ళు నికెలు కలిపి, 72 గ్రెయినుల బరువుతో ఎగురుచున్న గ్రద్ద బొమ్మ గల చిన్న సెంటును తెచ్చిరి. ఆ మే నెలలో క్రొత్తవానిని పంచు రోజున పాత రాగిని, అరిగిపోయిన స్పానిషు వెండి నాణెములను మార్చుకొనుటకు టంకశాల వాకిట జనము బారులు తీరిరి. చిన్ననాటినుండి చేతిలో ఆడిన పెద్ద సెంటు ఇక కనబడదని తెలిసిన పిమ్మట పలువురు ఏడాదికొకటి చొప్పున దాచుకొనసాగిరి. అమెరికాలో నాణెముల సేకరణము సామాన్యుల వేడుకగా వ్యాపించుటకు ఇది ముఖ్యకారణము. మరుసటి ఏడు, 1858లో, న్యూయార్క్‌లో అమెరికన్ నాణెశాస్త్ర సంఘము స్థాపితమైనది.

గ్రద్ద బొమ్మ సరిగా పడక రెండేండ్లకే తొలగినది. 1859లో ‘ఇండియను తల’ సెంటు వచ్చి యేబదేండ్లు నడచినది. దానిని చెక్కినవాడు లాంగేకర్. తన కుమార్తె తలపై ఈకల కిరీటముంచి ఆ రూపమును చెక్కెనని యొక కథ అల్లినారు. అది పుక్కిటి పురాణమే. ఆ ముఖము ఏ ఆదిమవాసిదియు కాదు. ఐరోపా శిల్పములలో కనబడు స్త్రీ ముఖము. దానిపై ఆదిమజాతి యోధులు ధరించు ఈకల కిరీటము! ఎవరి భూములను ఆ కాలముననే లాగికొనుచుండిరో, వారి కిరీటమును తమ స్వాతంత్ర్యదేవతకు తొడుగుట మాకు విడ్డూరముగ తోచును. చేయి తిరిగిన పనితనమని మాత్రము ఒప్పుకొనవలెను.

ఈ నాణెము రాగి–నికెలు మిశ్రమముగా మొదలై 1864లో కంచుగా మారినది. కారణము అంతర్యుద్ధము. 1862 నాటికి బంగారము, వెండి మాత్రమే కాక ఈ సెంట్లను సైతము జనులు దాచివేసిరి. రొట్టెకు డబ్బిచ్చినచో చిల్లర తిరిగి యిచ్చువాడు లేడు. తపాలాబిళ్ళలు నాణెములకు మారుగా చేతులు మారినవి. వర్తకులు తమ తమ పేర్లతో రాగి టోకెన్లను వేయించి చిల్లరగా నిచ్చిరి. అవి పలుచని కంచు బిళ్ళలైనను జనులు మాఱు పలుకక పుచ్చుకొనుట చూచి ప్రభుత్వమునకు బుద్ధివచ్చినది. లోహపు విలువ లేకున్నను నాణెము చెల్లునని గ్రహించి, 1864లో నూటికి 95 పాళ్ళు రాగి, తక్కినది తగరము, జింకు గల పలుచని కంచు సెంటును తామే వేసి, ప్రైవేటు టోకెన్లను నిషేధించిరి.

ఇండియను తల సెంట్లలో అందఱును వెదకునది 1877 నాటిది. వర్తకము మందగించి చిల్లరకు గిరాకి తగ్గిన ఆ ఏడు వేసినవి 8,52,500 మాత్రమే. పెక్కు సంవత్సరములలో కోట్లు వేసిన నాణెమునకు ఇది బొత్తిగా స్వల్పము. బాగుగా అరిగిన 1877 సెంటునకును వందల డాలర్లిత్తురు. దాని ప్రక్కన 1900 నాటి సెంటు పెట్టినచో అది ఒకటి రెండు డాలర్ల వస్తువు. రెంటికిని వయస్సులో తేడా 23 ఏండ్లే.

1909 అబ్రహాం లింకను శతజయంతి సంవత్సరము. చలామణిలో తిరుగు నాణెముపై చారిత్రక పురుషుని ముఖమును వేయుట అమెరికాలో అంతకుముందు ఆచారము కాదు. అది రాజుల పద్ధతి యని తొలినాటి నాయకులు ఒల్లరైరి. లింకనుపట్ల గల భక్తి ఆ పట్టును సడలించినది. రూపమును చెక్కినవాడు విక్టర్ డేవిడ్ బ్రెనర్. లిథువేనియాలో యూదు కుటుంబమున పుట్టి, తండ్రి చేత చెక్కడపు పని నేర్చి, 1890లో వలస వచ్చినవాడు. అధ్యక్షుడు థియొడోర్ రూజ్వెల్టు ఆయన చేసిన లింకను ఫలకమును చూచి ముచ్చటపడెను. ఆగస్టు 2వ తేదీన నాణెము విడుదలైనది. బొరుసువైపున రెండు గోధుమ కంకులు, వాని మొదట శిల్పి పేరిటి పొడి యక్షరములు వి. డి. బి. అని మూడు. శిల్పి తన పేరును అంత ప్రస్ఫుటముగా వేసికొనుట ఏమి యని వెంటనే గొడవ పుట్టినది. కొలది దినములలోనే ఆ అక్షరములను తీసివేయ నుత్తరువైనది.

అప్పటికి ఫిలడెల్ఫియాలో ఆ అక్షరములున్నవి 2 కోట్ల 80 లక్షల దాక అచ్చుపడినవి. శాన్ ఫ్రాన్సిస్కో టంకశాలలో 4,84,000 మాత్రమే పడినవి. శాన్ ఫ్రాన్సిస్కోవానికి తేదీ క్రింద ఎస్ అను చిన్న అక్షరముండును. రెండింటికిని వేఱు భేదము లేదు. అయినను మొదటిది నేటికిని పది యిరువది డాలర్లకు దొరకును. రెండవది అరిగినదైనను వందల డాలర్లకు తక్కువ రాదు, మంచి స్థితిలో నున్నచో వేయి దాటును. అమెరికా బాలురు తరతరములుగా చిల్లర పోగులో వెదకినది దీనినే.

ఇక్కడనే మోసగాండ్రకును చోటు దొరకినది. ఫిలడెల్ఫియా నాణెముపై చిన్న ఎస్ అక్షరము నతికించిన చాలును గదా! అట్లే డెన్వర్ టంకశాలలో 1914లో వేసిన సెంట్లు సుమారు 12 లక్షలే. వానికిని మంచి వెల కలదు. 1944లో డెన్వర్‌లో వేసినవి కోట్లు. ఆ తేదీలో మొదటి నాలుగంకెను గీకి ఒకటిగా దిద్దుదురు. అయితే వారు మఱచు సంగతి యొకటి కలదు. బ్రెనర్ పొడి యక్షరములను 1918లో లింకను భుజము క్రింద సూక్ష్మముగా మరల చేర్చిరి. 1914 నాటి నాణెముపై అవి యుండుటకు వీలులేదు. భూతద్దముతో చూచినప్పుడు ‘1914’ సెంటుపై భుజము క్రింద వి. డి. బి. కనబడెనా, అది 1944 నాటిదని తేలిపోవును. చరిత్ర తెలిసిన సేకర్తను ఇట్టి పనితనము మోసగింపజాలదు.

ఇక 1943. రెండవ ప్రపంచయుద్ధములో రాగి యంతయు తూటాలకు, తంతులకు కావలసివచ్చినది. అమెరికా ఆ ఒక్క ఏడు జింకు పూత పూసిన ఉక్కు సెంట్లను వేసినది. అదే ఏడు మన దేశమున కూడ లోహము పొదుపు చేయుటకు కానీ నడుమ రంధ్రము పెట్టిరి. పెద్దవారికి ఆ చిల్లుకానీ జ్ఞాపకముండును. అమెరికావారి ఉక్కు సెంటును జనులు మెచ్చలేదు. తెల్లగా నుండి పది సెంట్ల నాణెమని భ్రమ కలిగించెడిది. చెమట తగిలినంత తుప్పు పట్టెడిది. మూడు టంకశాలలలోను కలిపి 109 కోట్లకు పైగా వేసిరి గావున ఆ ఉక్కు సెంట్లు నేటికిని అగ్గువయే.

అయితే 1942 నాటి కంచు బిళ్ళలు కొన్ని యంత్రపు తొట్ల మూలలలో చిక్కుకొనియుండి ఉక్కు బిళ్ళల నడుమ ముద్రపడి బయటకు వచ్చినవి. ఈనాటివఱకు ఎఱుకపడినవి ఇరువదికి అటునిటు మాత్రమే. ఒక బాలునికి 1947లో బడి భోజనశాలలో వచ్చిన చిల్లరలో ఇట్టిది దొరకినది. ప్రభుత్వ ఖజానావారిని అడుగగా, ఆ ఏటి సెంట్లన్నియు ఉక్కువేనని సమాధానము వచ్చినది. అతడు దానిని అమ్మక జీవితమంతయు దాచుకొనెను. 2019లో అది 2 లక్షల 4 వేల డాలర్లకు వేలము పోయినది. డెన్వర్‌లో ముద్రపడిన ఒకే యొక 1943 కంచు సెంటు 2010లో 17 లక్షల డాలర్లకు అమ్ముడైనది. అదే నాణెము 2021లో మరల వేలమునకు వచ్చి 8 లక్షల 40 వేలు పలికినది. లోకములో దానికి జత లేదు, ఆ పదునొకండేండ్లలో దాని స్థితి మారలేదు. అయినను వెల సగమైనది. నాణెములు కొని పెట్టినచో ధర పెరుగుటయే గాని తరుగుట లేదని చెప్పువారు ఈ యుదాహరణమును చెప్పరు.

హెన్రీ ఫోర్డు అట్టి సెంటు తెచ్చినవారికి కారు ఇచ్చునని ఒక పుకారు ఆ రోజులలో దేశమంతట ప్రాకినది. అందు నిజము లేదు. పుకారు పుట్టిన తోడనే రాగి పూత పూసిన ఉక్కు సెంట్లు కుప్పలుగా పుట్టినవి. వీనిని పట్టుటకు అయస్కాంతము చాలును. ఉక్కైనచో అంటుకొనును, కంచైనచో అంటదు. అంటనంతమాత్రమున నిజమైనదనుకొనరాదు. 1948 నాటి కంచు సెంటులో ఎనిమిదంకెను సగము గీకి మూడుగా చేసినవియు కలవు.

1955 నాటి జంట ముద్ర సెంటు కథ వేఱు. ఆ కాలమున అచ్చును తయారుచేయుటకు మూలముద్రను ఉక్కుపై ఒకటికి రెండుసార్లు ఒత్తవలసివచ్చెడిది. రెండవసారి ఒత్తునప్పుడు అది కొంచెము ప్రక్కకు తిరిగినది. ఆ అచ్చుతో పడిన ప్రతి సెంటుపైనను తేదీయు అక్షరములును రెండేసిగా కంటికే కనబడును. తనిఖీ చేయువారు కనిపెట్టునప్పటికి అవి మంచివానితో కలసిపోయినవి. కుప్పనంతయు కరగించుటకు మనసొప్పక బయటకు పంపిరి. అట్లు పోయినవి ఇరువది వేలకు పైమాట. ఆ కాలమున కొన్నిచోట్ల యంత్రములలో సిగరెట్టు పెట్టె వెల 23 సెంట్లు. యంత్రము పావు డాలరునే గాని మింగదు. అందుచేత మిగులు రెండు సెంట్లను పెట్టె పై కాగితము లోపలనే ఇమిడ్చి పెట్టెడివారు. జంట ముద్రలు పెక్కు అట్లు పొగత్రాగువారి చేతికి వచ్చినవి. నేడు ఒక్కొక్కటి, చెడకున్నచో, వేయి డాలర్లకు పైమాట.

తరువాతి మార్పులను గూర్చి హెచ్చుగా చెప్పవలసినది లేదు. 1959లో గోధుమ కంకులు పోయి లింకను స్మారక మందిరము వచ్చినది. 1982లో, రాగి ధర మరల పెరుగగా, జింకు బిళ్ళపై రాగి పూత మాత్రము మిగిలినది. పాతదాని బరువు 3.11 గ్రాములు, క్రొత్తది 2.5 గ్రాములు. పాతవానిని కరగించి రాగిగా అమ్మినచో లాభమను లెక్కలు పుట్టగా 2006 డిసెంబరులో కరగించుటను నిషేధించిరి.

స్థితినిగూర్చి చెప్పితిమి గాని, దానిని కొలుచుట యెట్లు? 1949లో విలియం షెల్డన్ అను మనస్తత్త్వ శాస్త్రజ్ఞుడు పెద్ద సెంట్లపై వ్రాసిన గ్రంథమున ఒక కొలతను ప్రతిపాదించెను. గుర్తుపట్టుటకు మాత్రము వీలగు నాణెమునకు 1, అచ్చునుండి అప్పుడే వచ్చినట్లుండు దానికి 70. 1794 నాటి ఒక రకపు సెంటు మిక్కిలి హీనమైనది ఒక డాలరైనచో, మిక్కిలి మంచిది డెబ్బది డాలర్లు చేయునని ఆయన లెక్క. ధరల లెక్క త్వరలోనే తప్పిపోయినది గాని అంకెలు నిలచినవి. ఇప్పుడు అమెరికాలో ఏ నాణెమునైనను ఆ డెబ్బదింటిపైనే కొలుచుచున్నారు.

విచారకరమైన సంగతి యేమనగా, ఆ కొలతను చేసిన షెల్డన్ అమెరికన్ నాణెశాస్త్ర సంఘపు భద్రపేటికలలోని మేలైన పెద్ద సెంట్లను తీసికొని, వాని చోట అదే రకపు తక్కువవానిని ఉంచెనని ఆయన మరణానంతరము బయటపడినది. అట్టివి వందకు పైగా తేలినవి. వానిని సద్భావముతో కొనినవారికిని సంఘమునకును న్యాయస్థానములలో వ్యాజ్యము నడచినది. నాణెముల మేలుకీడుల నెఱిగినవారిలో ఆయనను మించినవాడు ఆ కాలమున లేడు. 30కిని 60కిని గల భేదము తెలిసినవానికే అట్టి దొంగతనము సాధ్యము.

ఇంకొక మాట ప్రత్యేకముగా మన యిండ్లకు సంబంధించినది. రాగిచెంబు నల్లబడినచో చింతపండుతో తోమి తళతళలాడించుట మనకు పుట్టుకతో వచ్చిన అలవాటు. పాత సెంటును అట్లు తోమినచో దాని వెలలో ఎక్కువ పాలు చింతపండుతో బాటే కొట్టుకొనిపోవును. రాగిపై కాలము పట్టించిన గోధుమరంగు పొరయే ఆ నాణెము తాకుడు పడలేదనుటకు సాక్ష్యము. సేకర్తలు ఎఱుపు, ఎఱుపుగోధుమ, గోధుమ అని మూడు రంగులుగా విభజించి, సహజమైన ఎఱుపునకు హెచ్చు వెల యిత్తురు. తోమిన ఎఱుపును చూడగనే గుర్తింతురు. చేతి తడి తగులకుండ అంచులు పట్టుకొని చూచి, పొడి కాగితములో పెట్టుటయే చేయదగినది.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వత్తము. పెన్నీలను నిలిపివేసినందున ఉన్నవాని వెల పెరుగునా? ఆగిపోవునాటికి చలామణిలో సుమారు 30 వేల కోట్ల పెన్నీలున్నవని అమెరికా ప్రభుత్వపు అంచనా. ప్రపంచములోని ప్రతి మనిషికిని ముప్పదికి పైగా పంచవచ్చును. సీసాలలో, సొరుగులలో, కార్లలో పడియున్న ఈ రాశి మా జీవితకాలమున గాని మా మనుమల కాలమున గాని అరుదగునని మేము తలంపము. 1857లో పెద్ద సెంట్లు ఆగినప్పుడును జనులు దాచిరి. అట్లు దాచినవానిలో సాధారణపు సంవత్సరములవి నేటికిని చవుకగనే దొరకుచున్నవి. ‘కడపటి పెన్నీలు’ అని పెట్టెలలో పెట్టి పది రెట్లకు అమ్మజూపువారి ప్రకటనలను నమ్మి సొమ్ము పంపవలదని శ్రోతలను కోరుచున్నాము.

సొరుగులో ఉన్నవానిని చూచుట మాత్రము తప్పు కాదు. బొరుసువైపున మందిరము గాని డాలు గాని యున్నవాని నొక ప్రక్కకు పెట్టవచ్చును. గోధుమ కంకులున్నవి కనబడినచో అవి 1958లోపలివి. వానిలో తఱచైనవి ఒక్కొక్కటి కొలది సెంట్లకు మించి చేయవు. అయినను వానిని వేఱుగా పొట్లముకట్టి, తేదీని, దాని క్రింది అక్షరమును భూతద్దముతో నొకసారి చదువవలెను. 1909, 1914, 1943, 1955 అను అంకెలు కనబడినచో తొందరపడక, తోమక, తెలిసినవారికి చూపవలెను. తక్కినవానిని అమెరికాకు తిరిగి ప్రయాణమగు బంధువుల చేతికిచ్చి పంపినచో, అక్కడ అవి ఇంకను ఒక్కొక్కటి ఒక సెంటునకు చెల్లును.